సబ్బును ఆరనివ్వండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చేతితో చేసే సబ్బుల గురించి కిందటి సంచికలో రాసిన తర్వాత విశాఖపట్నం నలుమూలల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. పెదవాల్తేరులోని మా ఇంటి వెనక గదిలో పదకొండేళ్లుగా విడతకు నలభై చొప్పున సబ్బులు పోస్తున్న అనుభవంతో, ఎక్కువమంది అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను. సువాసనను బట్టి సబ్బు కొనకండి, నూనెను బట్టి, ఆరిన కాలాన్ని బట్టి కొనండి అన్నదే చాలా ఉత్తరాలకు నేను చెప్పవలసిన మాట.

ప్రశ్న: ఎగ్జిబిషన్‌లో ఒక్కొక్కటి 180 రూపాయలు పెట్టి మూడు చేతి సబ్బులు కొన్నాను. వానాకాలంలో వాటిపైన చెమట బిందువుల్లా నీరు పట్టింది. మొదటి సబ్బు పది రోజుల్లోనే జావలా కరిగిపోయింది. నేను మోసపోయినట్టేనా? (ఎం.వి.పి. కాలనీ పాఠకురాలు)

జవాబు: మోసమని ఉత్తరం చదివి తేల్చలేను కానీ, ఆ సబ్బు మీ చేతికి రావలసిన సమయం కంటే ముందే వచ్చిందని అనుకుంటున్నాను. నూనె, కాస్టిక్ సోడా కలిసి సబ్బుగా మారే పని మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు పూర్తవుతుంది, కానీ అందులో పోసిన నీరు మాత్రం అంత త్వరగా బయటికి పోదు. పొయ్యి మీద ఉడికించకుండా చేసే పద్ధతిలో తయారైన సబ్బును ముక్కలు కోశాక గాలి ఆడే చోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలని అందరూ చెబుతారు. మన సముద్రపు గాలికి వానాకాలంలో ఆ ఆరు వారాలు కూడా ఒక్కోసారి చాలవు. నేను కోసిన రోజునే ఒక ముక్కను తూచి, దాని పక్కన చీటీ మీద బరువు రాసి పెడతాను. వారానికోసారి మళ్లీ తూస్తాను. 120 గ్రాములున్న ముక్క తగ్గుతూ తగ్గుతూ 105 దగ్గరికి వచ్చి, వరుసగా రెండు వారాలు అదే బరువు చూపించినప్పుడే ఆ విడతను పొట్లం కడతాను. సరిగ్గా ఆరిన సబ్బును బొటనవేలితో గట్టిగా నొక్కినా సొట్ట పడదు. అంచు వేలికి గట్టిగా, పదునుగా తగులుతుంది.

ఇక ఆ చెమట సంగతి. నూనె సబ్బుగా మారేటప్పుడు గ్లిజరిన్ దానంతట అదే పుడుతుంది. పెద్ద కర్మాగారాల్లో చాలాచోట్ల దానిని వేరుచేసి విడిగా అమ్ముకుంటారు, చేతి సబ్బులో అది లోపలే ఉండిపోతుంది. గాలిలోని తేమను లాక్కోవడం గ్లిజరిన్ గుణం కాబట్టి ఒంటికి మెత్తదనం ఇచ్చేదీ అదే, సబ్బు మీద నీటి బొట్లు పట్టించేదీ అదే. అద్దంలా అవతలి వస్తువు కనిపించే సబ్బు అయితే అది బహుశా బజారులో దొరికే సబ్బు దిమ్మను కరిగించి, రంగూ వాసనా కలిపి, అచ్చుల్లో పోసినది అయి ఉంటుంది. దానిలో గ్లిజరిన్ మరింత ఎక్కువ కాబట్టి మన ఊళ్లో ఇంకా ఎక్కువగా చెమరుస్తుంది. అలా చేయడం తప్పు కాదు, కానీ అమ్మేవారు ఆ మాట చెప్పి అమ్మాలి.

మిగిలిన రెండు సబ్బులను గట్టి దారంతో సగానికి కోసి, ఒక్కో సగమే స్నానాల గదిలోకి తీసుకువెళ్లండి. మిగతావి కాగితంలో చుట్టి, మన పెద్దవాళ్లు చేసినట్టే, బీరువాలో చీరల మధ్య పెట్టండి. మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె చేతి సబ్బుకు శత్రువు. అడుగున చీలికలు ఉండి, నీరు కిందికి జారిపోయే చెక్క పళ్లెం కావాలి. ఈసారి కొనేటప్పుడు ‘ఈ సబ్బు ఏ తేదీన కోశారు?’ అని అడగండి. నిజంగా తయారుచేసేవారికి ఆ తేదీ నోటి చివరే ఉంటుంది.

టి.ఎఫ్.ఎం. శాతం, అంటే సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం శాతం, గురించి కూడా మీరు రాశారు. భారతీయ ప్రమాణాల ప్రకారం మొదటి శ్రేణి టాయిలెట్ సబ్బులో కొవ్వు పదార్థం కనీసం 76 శాతం, రెండో శ్రేణిలో 70 శాతం, మూడో శ్రేణిలో 60 శాతం ఉండాలి. చేతి సబ్బులో గ్లిజరిన్, కొంత నీరు మిగిలి ఉండటం వల్ల ఆ అంకె సహజంగానే తగ్గుతుంది. ఆ ఒక్క సంఖ్యను పక్కపక్కన పెట్టి రెండు రకాలనూ పోల్చడం సరికాదు.

ప్రశ్న: ‘కాస్టిక్ సోడా లేని సహజ సబ్బు’ అని ఒక పొట్లం మీద చదివాను. అది నిజమా? (గోపాలపట్నం పాఠకుడు)

జవాబు: కాస్టిక్ సోడా గానీ, దాని వంటి మరో ఘాటైన క్షారం గానీ లేకుండా నూనె సబ్బు కాదు. కొలత సరిగ్గా ఉంటే ఆ సోడా మొత్తం నూనెతో కలిసి మారిపోయి, చివరి సబ్బులో మిగలదు. కాబట్టి ‘మిగల్లేదు’ అంటే నిజం, ‘వాడలేదు’ అంటే ఆ పని వేరెవరో ముందే చేసి దిమ్మగా అమ్మారని అర్థం. పూర్వం బట్టలు ఉతకడానికి బూడిద నీళ్లు, చౌడు మన్ను వాడినవారికి కూడా క్షారం లేనిదే జిడ్డు వదలదని తెలుసు.

ప్రశ్న: మేము భీమిలి వెళ్లే దారిలో సముద్రానికి దగ్గరగా ఉంటాము. బోరు నీళ్లే ఆధారం. చేతి సబ్బు ఎంత రుద్దినా నురుగు రాదు, బకెట్టు చుట్టూ తెల్లటి పొర కడుతోంది. (రుషికొండ ప్రాంత పాఠకురాలు)

జవాబు: నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే అవి సబ్బును పట్టుకుని, నీటిలో కరగని తెల్లటి పదార్థంగా మారుస్తాయి. మీ బకెట్టుకు అంటుకున్న పొర అదే. అది జుట్టుకూ ఒంటికీ కూడా అంటుకుంటుంది కాబట్టే స్నానం చేశాక చర్మం లాగినట్టు ఉంటుంది. దానికి తోడు తీరం వెంట బోర్లలో ఉప్పదనం చేరితే నురుగు ఇంకా తగ్గుతుంది. అనుమానం తీరాలంటే రెండు ఖాళీ సీసాలు తీసుకుని, ఒకదానిలో మంచినీరు, రెండోదానిలో బోరు నీరు సగం వరకు పోసి, రెండింటిలోనూ ఒకే అంత సబ్బు తురుము వేసి గట్టిగా కుదపండి. మంచినీటి సీసాలో నురుగు మూతి దాకా లేస్తుంది, బోరు నీటి సీసాలో విరిగిన పాలలా తెల్లటి తునకలు తేలుతాయి.

అన్ని నూనెలలోకీ కొబ్బరి నూనెతో చేసిన సబ్బే ఉప్పు నీటిని బాగా తట్టుకుంటుంది. ఓడల మీద సముద్రపు నీటితో స్నానం చేయవలసి వచ్చిన నావికులు వాడినది కొబ్బరి నూనె సబ్బే. అయితే కొబ్బరి నూనె ఒక్కదానితోనే చేసిన సబ్బు ఒంట్లోని జిడ్డునంతా లాగేసి పొడిబారుస్తుంది. అందువల్ల అలాంటి సబ్బులో సోడా తగ్గించి, వేసిన నూనెలో 15 నుంచి 20 శాతం వరకు సబ్బుగా మారకుండా మిగిలేటట్టు చూస్తారు. మామూలు సబ్బులో ఆ మిగులు 5 శాతం చుట్టూ ఉంటుంది. మీకు తెలిసిన తయారీదారు ఉంటే ఆ విధంగా చేసి ఇమ్మని అడగండి, నిమ్మ ఉప్పు కలిపిన సబ్బు ఉందేమో కూడా అడగండి. తయారీలో నిమ్మ ఉప్పు సోడాతో కలిసి సోడియం సిట్రేట్‌గా మారి, నీటిలోని కాల్షియంను పట్టి ఉంచుతుంది. ఇవేవీ కుదరకపోతే ఆఖరి రెండు చెంబులు మాత్రం కుళాయి నీరు పోసుకోండి. అంత మాత్రానికే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: మల్లె సబ్బు కొన్నాను, వాసన నెల తిరక్కుండానే పోయింది. అసలైన మల్లె నూనె వేసి నేనే చేసుకుంటే నిలుస్తుందా? ఇంట్లో చేసినప్పుడు గులాబీ రేకులు నల్లబడ్డాయి, పసుపు వేస్తే ఎర్రబడింది. ఎక్కడ తప్పు జరిగింది? (మధురవాడ పాఠకురాలు)

జవాబు: మీ ఉత్తరం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఈ మూడు అనుభవాలూ నావి కూడా. ముందు పసుపు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకు వస్తుందో, సబ్బులో పసుపు అందుకే ఎర్రబడుతుంది. సున్నమూ క్షారమే, సోడా అంతకంటే ఘాటైన క్షారం. అచ్చులో పోసిన రోజున ఇటుక రంగులో భయపెట్టిన సబ్బు, ఆరేకొద్దీ మెల్లగా లేత నారింజకో, ఆవపిండి రంగుకో దిగుతుంది. వెలుతురు తగిలే చోట పెడితే ఆ రంగు కూడా వెలిసిపోతుంది కాబట్టి, పసుపు సబ్బులను నేను చీకటి అరలోనే ఆరబెడతాను. గులాబీ, మందార, మల్లె రేకులన్నీ క్షారానికి గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతాయి. సబ్బు పైన అందంగా కనిపించే ఎండు రేకులు రెండు స్నానాల తర్వాత తడిసిన ఆకుల్లా గదిలో జారిపడతాయి. పువ్వును సబ్బులో పెట్టాలన్న ఆశ వదులుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మల్లె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పూర్ణా మార్కెట్‌లో మధ్యాహ్నం కొన్న మొగ్గలు సాయంత్రం తలలో పెట్టుకున్నాక విచ్చుకుని వాసన ఇస్తాయి కదా, అంటే కోసిన తర్వాత కూడా పువ్వు పరిమళాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. అంత సున్నితమైన ఆ పరిమళం ఆవిరి వేడికి చెడిపోతుంది కాబట్టి మల్లె జాతి పూల సారాన్ని ద్రావకాలతో తీస్తారు. పూర్వం ఉత్తరాదిలో నువ్వులను పూల మధ్య పొరలు పొరలుగా పరచి, వాసన పట్టిన ఆ నువ్వులను గానుగాడించి తలనూనె తీసేవారు. చిన్న సీసాడు సారానికి బస్తాల కొద్దీ పూలు కావాలి. కాబట్టి వంద, రెండు వందల రూపాయల సబ్బులో ఉన్న మల్లె దాదాపు ఎప్పుడూ ప్రయోగశాలలో కూర్చిన పరిమళమే అయి ఉంటుంది. చందనానిదీ అదే కథ. కూర్చిన పరిమళం చెడ్డదని నేను అనను. సబ్బులకు పనికివచ్చే రకం, చెప్పిన మోతాదులో వాడితే మంచిదే. పొట్లం మీద ‘అసలైన మల్లె నూనె’ అని రాయడమే నాకు బాధ కలిగిస్తుంది.

వాసన నిలవాలంటే బరువైన పరిమళాలు ఎంచుకోవాలి. నారింజ, నిమ్మ తొక్కల నూనెలు తేలికైనవి, ఆరబెట్టే వారాల్లోనే ఎగిరిపోతాయి. వట్టివేరు నూనె, పచ్చోలి నూనె నెలల తరబడి ఉంటాయి, నిమ్మగడ్డి నూనె కూడా బాగానే నిలుస్తుంది. వట్టివేరుకు కొంచెం నిమ్మగడ్డి జోడిస్తే ఎండాకాలంలో తడిపిన వట్టివేళ్ల తడక పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. నా సబ్బుల్లో నాకు అన్నింటికంటే ఇష్టమైనది అదే. మొత్తం నూనె బరువులో సువాసన తైలం 2 నుంచి 3 శాతం దాటకూడదు. 500 గ్రాముల నూనెకు 15 గ్రాములు పైమెట్టు అనుకోండి. నిమ్మగడ్డి, దాల్చిన చెక్క, లవంగం వంటి ఘాటైనవాటికి అంతకంటే చాలా తక్కువ చాలు, ఎందుకంటే అవి కొందరి చర్మాన్ని మండిస్తాయి. మొదటి ఏడాదిలో ఒకసారి నేను లవంగ నూనెను అంచనాగా ఒంపాను. గరిటె రెండుసార్లు తిప్పేలోగా గిన్నెలోని మిశ్రమమంతా చల్లారిన ఉప్మాలా గడ్డకట్టింది. అచ్చులోకి చెంచాతో కుక్కితే మధ్యలో బొరియలు మిగిలాయి. ఆ విడత నలభై సబ్బులూ అమ్మకుండా బట్టలకు వాడుకున్నాము. సువాసన తైలాన్ని కూడా త్రాసు మీదే తూచండి, చుక్కలు లెక్కపెట్టవద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. అరకు కాఫీ పొడి, పంచదార, కొబ్బరి నూనె కలిపిన స్క్రబ్‌ను రోజూ ముఖానికి రుద్దుకుంటోంది. మొటిమలు ఎక్కువయ్యాయి. సీసాలో బూజు కూడా కనిపించింది. మా అత్తగారు సున్నిపిండే మేలంటున్నారు. (గాజువాక పాఠకురాలు)

జవాబు: ముందు ఆ సీసాను పారేయించండి, పైన పట్టిన బూజును తీసేసి మిగతాది వాడుకోవద్దు. మొటిమలున్న ముఖాన్ని గరుకు పొడితో రుద్దితే అవి చిట్లి, వాపు పెరిగి, మచ్చలు పడతాయి. కొబ్బరి నూనె కొందరి ముఖానికి బరువై, రంధ్రాలను మూసి, కొత్త మొటిమలకు కారణమవుతుంది. కాఫీ గింజ తునకలు కంటికి మెత్తగా కనిపించినా వాటి అంచులు కరకుగానే ఉంటాయి. అక్రోటు పెంకుల పొడి అయితే ముఖానికి అసలే వద్దు. ఈ స్క్రబ్బులు మోచేతులకు, మోకాళ్లకు, మడమలకు, వీపుకు, అది కూడా వారానికి ఒకటి రెండుసార్లు. మొటిమలకు చర్మవైద్యులను ఒకసారి కలవడం మేలు.

మీ అత్తగారి మాటలో చాలా నిజం ఉంది. పెసలు, బియ్యం, బావంచాలు, కచ్చూరాలు, ఎండు గులాబీ రేకులు, కొద్దిగా పసుపు కలిపి పట్టించిన సున్నిపిండి, జిడ్డును తాను పీల్చుకుని కడిగేస్తుంది. సబ్బు సహజంగా క్షార గుణం ఉన్నది, దాని పి.హెచ్. (ఆమ్ల, క్షార గుణాలను చూపే కొలత) 9 నుంచి 10 వరకు ఉంటుంది. మన చర్మం పైపొర 5 చుట్టూ ఉండే ఆమ్ల గుణం కలది. సున్నిపిండికి ఆ క్షార గుణం లేదు. కానీ దానిలోనూ జాగ్రత్త ఉంది. మిల్లులో బరకగా పట్టిస్తే అది కూడా స్క్రబ్బే అవుతుంది, కాబట్టి ముఖానికి వాడేదాన్ని పలుచటి నూలు గుడ్డలో జల్లించాలి. ఒంటికి నువ్వుల నూనె పట్టించాక నలుగు పెట్టే పద్ధతిలో రుద్దడం ఉన్నా, ముఖానికి మాత్రం తడిపిన పిండిని అద్ది, ఆరిపోకముందే కడిగేయాలి. బావంచాలు కొందరి చర్మానికి పడవు, పైగా వాటితో ఒళ్లు కడుక్కుని ఎండలోకి వెళితే చర్మం కందవచ్చు. మీ అమ్మాయికి అవి లేకుండా కలపండి. మోచేతి మడతలో కొద్దిగా రాసి, రెండు రోజులు చూశాకే ముఖానికి వాడమనండి.

బూజు ఎందుకు వచ్చిందంటే, పొడికి బదులు వాడిన కాఫీ పిప్పి వేస్తే అందులో తడి ఉంటుంది. స్నానాల గదిలో తడి చేతిని సీసాలో పెట్టినప్పుడల్లా మరికొంత నీరు చేరుతుంది. విటమిన్ ఇ వేశాము కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది నూనెను ముక్కిపోకుండా కాస్త ఆపుతుందే తప్ప బూజును ఆపలేదు. ఇంట్లో చేసుకునేవారు ఎండు పొడినే ఒక డబ్బాలో ఉంచి, ఏ పూటకు కావలసింది ఆ పూట గిన్నెలో నూనెతో కలుపుకోవడం అన్నింటికంటే క్షేమం. అమ్మేవారైతే తగిన నిల్వ పదార్థం వేయక తప్పదు, వేశామని పొట్లం మీద రాయడానికి సిగ్గుపడవలసిన పనీ లేదు.

ప్రశ్న: మేము పదిమంది మహిళలం ఒక సంఘంగా ఉన్నాము. సబ్బులు చేసి అమ్మాలని ఉంది. ఒక వీడియోలో కప్పుల కొలతలతో చూపించారు. ఎలా మొదలుపెట్టాలి, అనుమతులు కావాలా? (పెందుర్తి పాఠకురాలు)

జవాబు: కప్పుల కొలతను ఈ రోజే మరిచిపోండి. ఒక్కో నూనెకు ఒక్కో అంత సోడా పడుతుంది. 500 గ్రాముల కొబ్బరి నూనె పూర్తిగా సబ్బు కావడానికి సుమారు 91 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి, అదే 500 గ్రాముల ఆముదానికి 64 గ్రాములు చాలు. ఒకదాని లెక్క మరొకదానికి వేస్తే చర్మాన్ని కాల్చే సబ్బు వస్తుంది. గ్రాము వరకు చూపే త్రాసు కొనడమే మీ మొదటి ఖర్చు కావాలి.

ఇంకో మాట మరీ ముఖ్యం. మన ఇళ్లలో సిల్వరు గిన్నెలని పిలుచుకునే అల్యూమినియం గిన్నెలలో సోడా కలపకండి. సోడా ఆ లోహాన్ని తింటూ, మంటపట్టే హైడ్రోజన్ వాయువును వదులుతుంది. స్టీలు గిన్నె గానీ, వేడికి తట్టుకునే గట్టి ప్లాస్టిక్ జాడీ గానీ వాడండి. ఎప్పుడూ నీటిలో సోడాను కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీరు పోస్తే ఒక్కసారిగా పొంగి ముఖాన చిమ్ముతుంది. కలిపిన నీరు పొయ్యి లేకుండానే సలసలలాడేంత వేడెక్కుతుంది, దాని ఆవిరి గొంతు పట్టేస్తుంది. అందువల్ల కిటికీ దగ్గర, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, పిల్లలు లేని వేళ చేయండి. ఒంటి మీద పడితే వెనిగర్ కోసం వెతక్కుండా కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లాలి.

అనుమతులు కావాలి. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద వచ్చిన 2020 సౌందర్య సాధనాల నియమాల ప్రకారం అమ్మకానికి స్నానపు సబ్బు తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల నుంచి లైసెన్సు తీసుకోవాలి. తయారీ స్థలానికి, శుభ్రతకు, అర్హత గల సిబ్బందికి షరతులు ఉన్నాయి కాబట్టి వంటగదిలో చేస్తామంటే కుదరదు. పదిమంది కలిసినా అంత ఏర్పాటు మొదట్లోనే భారమైతే, లైసెన్సు ఉన్న మరొకరి తయారీ స్థలంలో మీ పేరుతో చేయించుకునే లోన్ లైసెన్సు పద్ధతి కూడా ఆ నియమాలలోనే ఉంది. పొట్లం మీద తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారైన నెల, వాడవలసిన గడువు, నికర బరువు, గరిష్ఠ ధర, పదార్థాల పట్టిక ఉండాలి. తామర తగ్గుతుంది, సోరియాసిస్ పోతుంది అని మాత్రం ఎక్కడా రాయకండి. అలా రాస్తే అది చట్టం దృష్టిలో మందు అవుతుంది.

ముడిసరుకుకు మీరు మంచి చోటే ఉన్నారు. 1956లో మొదలై విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ దుకాణాలలో మన్యం పసుపు, తేనె, కుంకుడుకాయలు, సీకాయ దొరుకుతాయి. తేనె గానీ, అనకాపల్లి బెల్లం గానీ కొద్దిగా వేస్తే నురుగు పెరుగుతుంది, కానీ తీపి పదార్థం మిశ్రమాన్ని అచ్చులోనే బాగా వేడెక్కిస్తుంది. ఆ రోజు అచ్చుకు దుప్పటి కప్పవద్దు.

మొదటి మూడు విడతలను అమ్మకానికి పెట్టకుండా మీ పదిమంది ఇళ్లలోనే వాడండి. ప్రతి విడత నుంచి రెండు సబ్బులు తీసి, తేదీ, నూనెల బరువులు, సోడా బరువు రాసిన చీటీతో ఏడాది పాటు అరలో ఉంచండి. వాటి మీద నారింజ రంగు చుక్కలు కనిపిస్తే నూనె ముక్కిపోతోందని అర్థం. ఏ నూనె ఎన్ని నెలలకు అలా తిరిగిందో ఆ చీటీలే మీకు చెబుతాయి, పొట్లం మీద వేయవలసిన గడువును వాటిని చూశాకే నిర్ణయించుకోండి.